పద్దు కాగితాల మీద తులసిదళం

మొన్న సంక్రాంతి సెలవులకు మా మనవరాలు వచ్చింది. గుంటూరులో ఇంజనీరింగు చదువుతోంది. సంచి కింద పెడుతూనే, "అమ్మమ్మా, నువ్వెప్పుడూ చెబుతుంటావే వెన్నెల్లో ఆడపిల్ల, అది అయిపోగొట్టేశాను" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. చేతిలో అరిసెల పిండి పక్కన పెట్టేసి "ఎట్టా ఉందే?" అని దాని దగ్గరకు జరిగాను. "బాగుంది, నాలుగు స్టార్లు ఇచ్చాను" అంది. తీరా అడిగితే అది చదవలేదట, విన్నదట. అదీ ఒకటిన్నర రెట్ల వేగంలో. బస్సులో సగం, హాస్టల్లో బట్టలు ఉతుక్కుంటూ సగం. నేను ఇంకేదో అడగబోయేలోపే, "ఇప్పుడైతే ట్రూకాలర్లో పేరొచ్చేసేది కదమ్మమ్మా, అసలు కథే ఉండేది కాదు" అనేసి ఫోను చూసుకుంటూ లోపలికి పోయింది.

నాలుగు స్టార్లట! మా రోజుల్లో ఆ ఒక్క నవల మీద మా ఇంట్లో రెండు నెలలు తగువు నడిచింది. అన్నం దగ్గర నడిచింది, చేలో నడిచింది, దీపం ఆర్పి పడుకున్నాక కూడా నడిచింది. నచ్చిందన్న మనిషి ఎందుకు నచ్చిందో చెప్పాలి. నచ్చలేదన్నవాళ్ళు ఏ వారం నుంచి చెడిందో చూపించాలి. ఇష్టం అనేది నోటితో నిలబెట్టుకోవాల్సిన మాట. ఇప్పుడది వేలితో నొక్కే చుక్క అయిపోయింది. నాకు అరవై ఎనిమిదేళ్ళు. నేను సణుగుతున్నానని పిల్లలు అంటారు. సణుగుడే, కాదనను. పోయిందేమిటో తెలిసి సణుగుతున్నాను.

మాది పర్చూరు వైపు ఊరు. నేను పుట్టినప్పుడు గుంటూరు జిల్లా. 1970లో కొత్త జిల్లాలో కలిపారు, దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో బాపట్ల జిల్లా అన్నారు. మేం కదల్లేదు, మా నల్లరేగడి కదల్లేదు. పత్తి, మిరప, పొగాకు, శనగ, ఏదో ఒకటి నెత్తిన పెట్టుకుని బతికిన ఊళ్ళు మావి. చదువుల ఊళ్ళు కావు. అయినా మా ఊళ్ళో నవల చదవని ఆడమనిషి ఉండేది కాదు. అక్షరం రానివాళ్ళు కూడా చదివేవాళ్ళు. ఎట్టాగో చెబుతాను.

మా అమ్మ తరానిది యద్దనపూడి సులోచనారాణి. మా పర్చూరు పక్కనే యద్దనపూడి అనే ఊరుంది. అందుకని మా అమ్మ ఆవిణ్ణి మా వైపు పిల్లే అనుకునేది. ఆవిడ పుట్టింది కృష్ణా జిల్లా కాజలో అని ఎవరెంత చెప్పినా వినేది కాదు. ఎమెస్కో వాళ్ళు ఇంటింటా గ్రంథాలయం అని పాకెట్ పుస్తకాలు తెచ్చిన రోజులవి. సెక్రటరీ, మీనా, జీవన తరంగాలు, విజేత, ఆరాధన, మా అమ్మ పెట్టెలో చీరల మడతల మధ్య ఉండేవి. సెక్రటరీలో రాజశేఖరం నచ్చాడా, జయంతి పంతం నచ్చిందా అని అమ్మా పిన్నీ వాదులాడుకుంటుంటే నేను పక్కన శనక్కాయలు ఒలుస్తూ విన్నాను. నవల అంటే చదివి మూసేసేది కాదనీ, మూసేశాక అసలు పని మొదలవుతుందనీ నాకక్కడే తెలిసింది. 2016లో పిల్లలు అ ఆ సినిమాకు తీసుకెళ్ళారు. పది నిమిషాలు కాకముందే "ఇది మీనా" అన్నాను. పిల్లలు నమ్మలేదు. తర్వాత పేపర్లలో అదే గొడవ వచ్చింది. అమ్మ ఉంటే తెర ముందే లేచి నిలబడేది. సులోచనారాణి గారు 2018లో అమెరికాలో పోయారని తెలిసిన రోజు నేను అమ్మ పెట్టె తెరిచి కూర్చున్నాను.

మా తరానిది యండమూరి వీరేంద్రనాథ్. సులోచనారాణి గారి మేడలూ, పొడుగాటి కార్లూ, పంతం గల ఆడపిల్లలూ చూసిన కళ్ళకు ఆయన వేరే లోకం చూపించాడు. చార్టర్డ్ అకౌంటెన్సీ చదివి, బ్యాంకులో ఉద్యోగం చేసిన మనిషి. లెక్కలు, చదరంగం, కోర్టు, హిప్నాటిజం, మందులు, అన్నీ కథలోకి లాక్కొచ్చాడు. వారం వారం కథను ఎక్కడ ఆపాలో ఆయనకు తెలిసినంతగా ఇంకొకళ్ళకు తెలియదు. తలుపు సందులో వేలు పడ్డట్టు ఉండేది మా పని. ఏడు రోజులు అట్టాగే ఉండాలి.

ఆ ఏడు రోజులే మా చదువు. ఈ మాట ఈ కాలం పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కదు. చదవడం పావుగంట. మిగిలిన వారమంతా ఏం జరుగుతుందా అని మాలో మేము కథ అల్లుకోవడం. రచయిత ఒక దారి రాసేలోపు మా ఊళ్ళో నలభై దార్లు తయారయ్యేవి.

ఆయన తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజులు, 1980, 81 ప్రాంతం. మిరప కోతల కాలం. కోసుకొచ్చిన కాయ కల్లంలో పరిచి, ఎండకు తిరగబోసి, సాయంత్రానికి పోగుచేసి మంచుకు తడవకుండా పట్టా కప్పి, ఎండాక తాలు ఏరి, బస్తాలకెత్తి గుంటూరు కమీషను కొట్లకు తోలాలి. ఈ తాలు ఏరడం ఆడవాళ్ళ పని. ఎర్రటి పోగు చుట్టూ పదిహేను మంది గుండ్రంగా కూర్చుంటాం, తలకు గుడ్డ, ముక్కుకు పైట చెంగు. పత్రిక చీరాల బస్సులో వచ్చేది. ఆ రోజు ఒక మనిషికి పని ఉండదు. ఆమె కొంచెం ఎడంగా, గాలికి ఎదురు కాకుండా కూర్చుని చదవాలి. చేతికి కాయ తగలకూడదు. తగిలిన చేత్తో కాగితం తిప్పితే కాగితం పాడు, కన్ను నలుపుకుంటే కన్ను పాడు. ఆమె వాటా బుట్ట మిగతావాళ్ళం నింపేవాళ్ళం. కూలి ఆమెకూ సమానమే. ఆ కూలి దగ్గర ఎవరూ ఏ రోజూ గొణగలేదు. ఎక్కువగా చదివేది మా వదిన. పదో తరగతి చదివింది, గొంతు గంట.

ఆస్తి కోసం తులసి అనే పసిపిల్ల మీద చేతబడి. వింటూ వింటూ ఏరే చేతులు ఆగిపోయేవి. రాత్రి కల్లం కాపలాకు మగవాళ్ళు ఒంటరిగా పోవడం మానేశారు, ఇద్దరిద్దరు పోయేవాళ్ళు. మా నాన్న త్రిపురనేని రామస్వామి చౌదరి పుస్తకాలు చదువుకున్న హేతువాది. "ఊళ్ళో ఉన్న మూఢనమ్మకాలు చాలక ఇదొకటా" అని కేకలేసేవాడు. ఆ మాట అన్నది ఆయనొక్కడే కాదు, ఆ రోజుల్లో చాలామంది హేతువాదులు ఆ నవలను తప్పుపట్టారు. వాళ్ళ మాటలో నిజముంది. మా వీధి చివర ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ వంక పిల్లలు అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. నాన్న అది చూసి, రోజూ సాయంత్రం నన్ను ఆవిడకు మజ్జిగ ఇచ్చి రమ్మనేవాడు, నలుగురూ చూసేలా. అట్టా పుస్తకంలో చెడు కనపడితే దానికి వీధిలో విరుగుడు చేశారు గానీ, పుస్తకం తీసి అవతల పారేయలేదు. పైగా వదిన చదువుతుంటే నాన్న గోడ అవతల నులకమంచం వాల్చుకుని వినేవాడని మాకందరికీ తెలుసు.

ఆ పోగు చుట్టూ కూర్చున్న వాళ్ళలో ఒక పెద్దావిడ ఉండేది. వేలిముద్ర మనిషి. ఒక వారం అందరం మంత్రగాడు కాద్రాను తిట్టిపోస్తున్నాం. ఆవిడ తల ఎత్తకుండా తాలు ఏరుతూనే, "వాడిదేముందమ్మా, వాడు కూలోడు. డబ్బిచ్చి చేయించినోడిది పాపం" అంది. కల్లం అంతా నిశ్శబ్దం అయిపోయింది. ఆ తర్వాత పెద్ద పెద్ద విమర్శకుల వ్యాసాలు చదివాను. ఆ నవల గురించి అంతకంటే గట్టి మాట నాకు ఎక్కడా కనపడలేదు. అది ఏ స్టార్ల లెక్కలోకి వస్తుంది?

సీరియల్ కాగితాలు జాగ్రత్తగా చింపి, వరస పెట్టి, అయిపోయాక బైండు చేయించడం అప్పట్లో ప్రతి ఇంట్లో ఉన్న అలవాటు. వెనక వైపు వంటల శీర్షికో, జోకులో, తలనూనె ప్రకటనో సగం సగం వచ్చేది. మా తులసిదళం బైండులో ఒక వారం లేదు. ఫాల్గుణ మాసంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పడింది. ఎండిన కాయ తడిస్తే నల్లబడిపోతుంది, ఏడాది కష్టం బుగ్గి. అందరం పట్టాల కోసం పరుగెత్తాం. కాయ దక్కింది. పోగు మీద వదిలేసిన పత్రిక మాత్రం ఎర్రటి ముద్ద అయింది. ఎండబెట్టినా అక్షరం కనపడలేదు. బస్సులో వచ్చిన కాపీలు అప్పటికే అమ్ముడైపోయాయి.

నాలుగు రోజులు చూసి, వదిన పర్చూరు పోయింది. అక్కడి గ్రంథాలయంలో కూర్చుని ఆ వారం భాగమంతా చేత్తో రాసుకొచ్చింది. కాగితాలకు దండగెందుకని అన్నయ్య పద్దు పుస్తకంలో ఒకవైపే రాసిన కాగితాలు చింపుకుని పోయింది. ఆ కాగితాలే బైండులో కుట్టించాం. ఒకవైపు వదిన గుండ్రటి అక్షరాల్లో తులసిదళం. రెండోవైపు అన్నయ్య రాత, ఎండ్రిన్ డబ్బాలు ఇన్ని, డి.ఏ.పి. బస్తాలు ఇన్ని, పత్తి తీత కూలీలు ఇంతమంది. ఆ బైండు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఆ తర్వాత యండమూరి నవలలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అవి వచ్చే కొద్దీ మా ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి.

అన్నయ్యది డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు. ఐదేళ్ళలో 50 లక్షలు సంపాదిస్తానని పందెం కట్టిన కుర్రాడి కథ. 1984లో చిరంజీవితో ఛాలెంజ్ అని సినిమా తీశారు. అన్నయ్య చీరాలలో మూడుసార్లు చూశాడు. అప్పుడు మా వైపు పత్తి ఊపు మీద ఉంది. వరి లేని మెట్ట పొలానికి పత్తి తెల్ల బంగారం అనేవాళ్ళు. తెలివి, తెగువ ఉంటే డబ్బు పుడుతుందని ఆ నవల చెప్పిన మాట అన్నయ్యకు వేదం. సొంతం ఏడెకరాలు గాక ఇంకో పదెకరాలు కౌలుకు పట్టి పత్తి వేశాడు. తర్వాత తెల్లదోమ వచ్చింది. దాని వెనక కాయ తొలిచే పచ్చపురుగు. వారానికి రెండుసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు, అప్పు పెరిగింది. 1987, 88 సంవత్సరాల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి రైతులు అదే పురుగుమందు తాగి పోయారు. పత్తి రైతు చావులని తెలుగు పేపర్లు మొదటిసారి అంత పెద్ద అక్షరాలతో రాసింది మా ఊళ్ళ గురించే. అన్నయ్య మూడెకరాలు అమ్మి బయటపడ్డాడు. ఆ తర్వాత ఆ నవల ముట్టుకోలేదు. ఒకసారి నేనడిగితే, "ఆ కుర్రాడికి పొలం లేదే అమ్మాయ్. మబ్బు వంక చూడకుండా సంపాదించాడు" అన్నాడు. తప్పు నవలదని అన్నయ్య అనలేదు, నేనూ అనను. కానీ ఒక పుస్తకాన్ని మనిషి తన బతుకుతో కొలిచి పక్కన పెట్టడం చూశాను. దాన్ని మించిన సమీక్ష నేనెరగను.

వదినది వెన్నెల్లో ఆడపిల్ల. మా ఊరికంతా పోస్టాఫీసులో ఒకే ఫోను ఉన్న రోజుల్లో, ఫోనులో గొంతు తప్ప ఏమీ తెలియని అమ్మాయి కోసం చదరంగం ఆటగాడు రేవంత్ వెతుకుతాడు. ఎక్కడున్నానో నువ్వే కనిపెట్టమని ఆ పిల్ల చిక్కుముళ్ళు వేస్తుంది. ఆ ముళ్ళు విప్పడానికి వదిన నోటుపుస్తకం పెట్టుకుని కూర్చునేది. చివరి భాగం చదివిన రోజు పొయ్యి వెలిగించలేదు. 1995లో కన్నడంలో ఆ నవలను అనంతనాగ్‌తో బెళదింగళ బాలె అని సినిమాగా తీశారు. మనవాళ్ళ నవల పక్క రాష్ట్రం వాళ్ళ గుండెల్లోకి కూడా పోయింది. ట్రూకాలర్ ఉంటే కథే లేదని మా మనవరాలు అన్నది నిజమే. కానీ ఆ పిల్ల దాక్కున్నది దొరక్కుండా ఉండటానికి కాదు. తనను వెతికే ఓపిక ఒక మనిషికి ఉంటుందా అని చూడటానికి. ఒకటిన్నర రెట్ల వేగంతో వింటే ఆ ఓపిక ఎక్కడ వినపడుతుంది?

నాది ఆనందో బ్రహ్మ. గోదావరి ఊరు వదిలి నగరానికి వచ్చిన సోమయాజి, అతని మందాకిని. వదిన దాన్ని ఒప్పుకునేది కాదు. "నీది కన్నీళ్ళ పార్టీ" అనేది. "నీదేమన్నా నవ్వుల పార్టీనా, చివర్లో పొయ్యి వెలిగించావా" అని నేను. మామయ్య మధ్యలో అభిలాష తెచ్చేవాడు. ఉరిశిక్ష తీసేయాలని తన మెడనే పణంగా పెట్టిన లాయరు కథకు మించింది లేదని ఆయన వాదన. ఊళ్ళో ఒక హత్య కేసు నడుస్తున్న రోజులేమో, ఆ నవల మీద రచ్చబండ దగ్గర పంచాయతీయే జరిగింది. ఉరి ఉండాలా వద్దా అని పొగాకు బేరన్ల దగ్గర చెమటలు కక్కే మనుషులు రాత్రి పదింటిదాకా మాట్లాడుకున్నారంటే, అది ఒక పాపులర్ నవల చేసిన పని. పాపులర్ అని పండితులు చిన్నచూపు చూసిన నవల.

ఒక్క పుస్తకం పేరు దగ్గర మాత్రం నాకు అప్పుడూ ఇప్పుడూ మనసు కష్టపెట్టుకోక తప్పదు. స్టువర్టుపురం పోలీస్ స్టేషన్. 1991లో సినిమాగా యండమూరే తీశాడు. స్టువర్టుపురం మాకు దూరం కాదు, చీరాల, బాపట్ల మధ్య రైలు దారిలో ఉంది. 1913లో బ్రిటిషు ప్రభుత్వం, సాల్వేషన్ ఆర్మీ కలిసి ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన ఊరు. పుట్టుకతోనే దొంగలని ఒక జాతికి జాతినే చట్టంలో రాసిన కాలమది. ఆ చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటింది, పేరు పోలేదు. ఆ ఊరి ఆడవాళ్ళు మా కల్లాల్లో మిరప కోతకు వచ్చేవాళ్ళు. ఏ ఊరమ్మా అంటే పక్క ఊరి పేరు చెప్పేవాళ్ళు. నిజం తెలిసిన రోజు మా అమ్మ, "మీ ఊరి పేరు మా ఇంట్లో గట్టిగా చెప్పండి" అంది. ఊరి పేరు అట్ట మీద పెద్ద అక్షరాలతో అమ్ముడవుతుంటే, ఆ ఊరి పిల్ల బడిలో పేరు చెప్పడానికి తల దించుకుంటుంది. రచయితలకు ఇది తెలియాలి. అభిమానులం మేమే చెప్పాలి. మా రోజుల్లో అభిమానమంటే తప్పు చెప్పే హక్కు కూడా.

తర్వాత ఆయన దారి మారింది. విజయానికి ఐదు మెట్లు వచ్చింది, లెక్కలేనన్ని ఇళ్ళల్లోకి వెళ్ళింది. పిల్లలకు ధైర్యం ఇచ్చింది, కాదనను. కానీ నా బాధ వేరు. గుంటూరు హాస్టళ్ళలో ర్యాంకుల కోసం చదివే పిల్లలను అడగండి, యండమూరి అంటే ఎలా గెలవాలో చెప్పే మనిషి అంటారు. ఓడిపోయిన వాళ్ళ గురించి అంత బాగా రాసిన మనిషి అని వాళ్ళకు తెలియదు. అంతర్ముఖం చేతిలో పెడితే "దీంట్లో పాయింట్లు ఏవి?" అని అడిగిన పిల్లవాణ్ణి నా కళ్ళతో చూశాను. మనిషి తన లోపలికి తాను చూసుకోవడానికి పాయింట్లు ఎవరిస్తారు?

పోయిన వేసవిలో నేనొక పని పెట్టుకున్నాను. ఆయన నవలలు మొదటి నుంచి వరసగా మళ్ళీ చదివాను. విజయవాడలో 1989 నుంచి జరుగుతున్న పుస్తకాల పండగ ఉందిగా, అక్కడ లేనివి కొనుక్కొచ్చుకున్నాను. రోజుకు నాలుగు గంటలు, మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా. పాత ఇష్టాలు కొన్ని నిలబడ్డాయి, కొన్ని జారిపోయాయి. కొన్ని థ్రిల్లర్లలో ఎత్తుకు పైఎత్తు లెక్క తప్ప మనిషి కనపడలేదు, అప్పట్లో నాకు ఊపిరి ఆడనివ్వని పుస్తకాలే అవి. తులసిదళంలో ఇప్పుడు నన్ను భయపెట్టింది చేతబడి కాదు, బిడ్డకు ఏమవుతోందో తెలియక డాక్టరు దగ్గరకూ మంత్రగాడి దగ్గరకూ పరుగెత్తే తల్లిదండ్రుల నిస్సహాయత. ఆనందో బ్రహ్మ ఇరవై ఐదేళ్ళప్పుడు సోమయాజి ప్రేమ కోసం చదివాను. ఇప్పుడు అతను వదిలి వచ్చిన ఊరి కోసం చదివాను. నా ఇద్దరు పిల్లలూ ఊరు వదిలి పోయారు. పుస్తకంలో అక్షరం మారలేదు, చదివే మనిషి రేవు మారింది. అందుకే ఒకసారి చుక్కలిచ్చి తీర్పు ముగించడం నాకు నచ్చదు. పుస్తకంతో కేసు నలభై ఏళ్ళు నడవాలి.

దాన్ని నడపడానికి జాగా ఏదీ ఇప్పుడు? మా ఊరి గ్రంథాలయం తలుపుకు తాళం పడి ఎన్నాళ్ళయిందో. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను మాత్రం ఇంకా కడుతున్నాం. మా తాతల కాలంలో, 1935లో, పాతూరి నాగభూషణం గారు పెదపాలెం దగ్గర పడవలో పుస్తకాలు పెట్టి కృష్ణా కాలవ వెంట ఊరూరా తిప్పారు. 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనం ఇప్పటికీ ఉంది, గాంధీ గారి చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది. నేత నేసే ఊళ్ళో, కాలవ గట్టు పల్లెల్లో అంత పని చేసిన జిల్లాలు ఇవి. ఈనాడు వాళ్ళు 1978లో మొదలుపెట్టిన చతుర నెలకొక నవల ఇచ్చేది. అచ్చులో అది ఆగి ఏళ్ళవుతోంది. బస్టాండులో పుస్తకాల కొట్టు ఉన్న చోట చిప్సు దండలు వేలాడుతున్నాయి. మిరప కల్లాలు ఇప్పటికీ ఉన్నాయి. తాలు ఏరే ఆడవాళ్ళూ ఉన్నారు. ఒక్కొక్కరి చెవిలో ఒక్కొక్క తీగ. ఒకామె పాట వింటోంది, ఒకామె సీరియల్ వింటోంది, ఒకామె కొడుకుతో మాట్లాడుతోంది. పదిహేను మంది ఒకే మాట విని ఒకేసారి చెయ్యి ఆపడం లేదు. నా దుఃఖం ఇదీ.

ఆ యంత్రాన్ని మొత్తంగా తిట్టలేను కూడా. మా వదినకు డెబ్బై నాలుగు. కొడుకు దగ్గర హైదరాబాదులో ఉంటోంది. షుగరుతో చూపు బాగా తగ్గింది. ఊరంతటికీ చదివి వినిపించిన మనిషి ఇప్పుడు ఫోనులో నవలలు వింటోంది. అది ఆమెకు దేవుడిచ్చిన కన్ను. అయితే ఆమె మామూలు వేగంతోనే వింటుంది. ఒక భాగం అయ్యాక ఆపేసి నాకు ఫోన్ చేస్తుంది. మళ్ళీ తగువు పెట్టుకుంటాం.

వేసవిలో తులసిదళం మళ్ళీ చదివినప్పుడు, అచ్చు పుస్తకమూ మా బైండూ పక్కపక్కన పెట్టుకున్నాను. పద్దు కాగితాల భాగం వచ్చింది. ఆ వారం చివర్లో తులసి తల్లి నోట రెండు వాక్యాలున్నాయి. బిడ్డ మంచం పక్కన కూర్చుని దేవుణ్ణి నిలదీసే మాటలు. ఆ నవల మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మాటలవి. ఎవరు ఆ పుస్తకాన్ని తక్కువ చేసినా ఆ రెండు వాక్యాలు చెప్పి నోరు మూయించేదాన్ని. అచ్చు పుస్తకంలో అవి లేవు. ముందు పేజీ, వెనక పేజీ వెతికాను. లేవు. పుస్తకంగా వేసేటప్పుడు తీసేశారేమో అనుకుని వదినకు ఫోన్ చేశాను.

అవతల కాసేపు మాట లేదు.

"మీ మేనల్లుడికి ఆ ఏడు తట్టు పోసింది, గుర్తుందా అమ్మాయ్? పది రాత్రులు వాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. వాడికి తగ్గిన వారమే పర్చూరు పోయాను. రాస్తూ రాస్తూ అక్కడికొచ్చేసరికి ఆ తల్లి ఏమీ అనకుండా ఊరుకుంది. నాకు మనసొప్పలేదు. రెండు మాటలు వేశాను" అంది.

నలభై ఏళ్ళకు పైగా నేను వాదించిన మాటలు మా వదినవి. తాలు ఏరే ఊళ్ళో, పత్తి పద్దుల వెనక కాగితం మీద, ఒక తల్లి ఇంకో తల్లి తరఫున వేసిన మాటలు. రాసిన పెద్దమనిషికి ఇది తెలిస్తే కోప్పడడనే అనుకుంటాను. అంత లోపలికి పోయి చదివారు ఆయన్ను.

సెలవులు అయి మనవరాలు వెళ్ళే రోజు ఆ బైండు దాని ముందు పెట్టాను. మిరప రంగు అంటిన అంచులు చూసింది, తలనూనె ప్రకటనలు చూసింది. పద్దు కాగితాల దగ్గర ఆగింది. ఒకవైపు చదివి, తిప్పి రెండోవైపు చదివి, మళ్ళీ తిప్పింది. "ఎండ్రిన్ అంటే ఏంటి అమ్మమ్మా?" అని అడిగింది. బస్సుకు ఇంకా గంట టైముంది. కూర్చోమన్నాను.